చెప్పు అడిగిన మనిషి

పోయిన నెల మా షాపుకి ఒక ఫ్లెక్సు పని వచ్చింది. ద్వారకా నగర్‌లో నేను పనిచేసే డీటీపీ షాపుకి ఇలాంటివి రోజూ వస్తాయి. కోచింగ్ సెంటర్ల ర్యాంకులు, పుట్టినరోజులు, సంతాపాలు. అక్షరదోషాలు చూడటం నా పని. ఫొటో కింద పేరు, పేరు కింద పెద్ద అక్షరాల్లో 'పునరుద్ధరణ పొందిన విశ్వాసి' అని ఉంది. వెనక నీలం ఆకాశం, రెండు తెల్ల పావురాలు. మనిషి మొహాన్ని ఎవరో కంప్యూటర్లో తెల్లగా చేశారు. బుగ్గ మీద కాలిన మచ్చ తీసేశారు. అందుకే గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

ఆయన పోయిన సంగతి నాకు అలా తెలిసింది. తప్పులేవీ లేవని రాసి పంపేశాను. అక్షరాల వరకు తప్పులు లేవు.

ఆ రోజు నుంచి నాలో ఉన్నదాన్ని దుఃఖం అని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. నిజానికి అందులో దుఃఖం పాలు తక్కువ, రోత పాలు ఎక్కువ. ఆ రోతలో కొంత నా మీద కూడా. ఆయన గురించి రాయడానికి అదే కారణం. మంచి మాటలు రాసేవాళ్ళు ఆయన చర్చి సంఘంలో చాలామంది ఉన్నారు.

ఆయన మొదటిసారి మా షాపుకి వచ్చింది వాగ్దానాల చీటీల కోసం. కొత్త సంవత్సరం మొదటి ఆరాధనలో ఆ చర్చికొచ్చిన ప్రతివాళ్ళూ పళ్ళెంలోంచి ఒక చీటీ తీసుకుంటారు. దాని మీద ఒక బైబిలు వాక్యం ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అదేనని వాళ్ళ నమ్మకం. దాన్ని ఫ్రిజ్ మీదో, ఆటో ముందద్దానికో, బీరువా లోపలి తలుపుకో అంటించుకుంటారు. గాజువాక అవతల ఉన్న ఆయన సంఘానికి ఆ చీటీలు మేమే వేసేవాళ్ళం. ప్రూఫు చూసుకోవడానికి ఆయన్ని పంపారు.

నల్లటి సేఫ్టీ షూస్, ఇస్త్రీ లేని తెల్ల చొక్కా. స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో బైబిలు తెరుచుకుని, ఒక్కో చీటీ మీదా బొటనవేలు పెట్టి చదివాడు. పావుగంటయ్యాక తలెత్తాడు.

"బాబూ, ఇక్కడ సగమే ఉంది."

"ఏదండీ?"

"వాక్యం. మిగతా సగం ఏదీ?"

"చీటీ చిన్నదండీ. పట్టదు."

"పట్టకపోతే పెద్ద చీటీ ఎయ్యండి."

"మీ పాస్టర్ గారు ఇచ్చిందే వేశాం."

ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకున్నాడు, పొలుసులు అంటుకుంటే వదిలించుకున్నట్టు. తరవాత ఎన్నోసార్లు చూశాను ఆ రుద్దుకోవడం. ఆయన అసహ్యమంతా ఆ రెండు వేళ్ళ మధ్యే ఉండేది. మొహంలోకి వచ్చేది కాదు.

"సేపని కోసినట్టు కోసేరు," అన్నాడు. "తలకాయ, తోక తీసీసి నడుం ముక్క పంచుతన్నారు. ఎవుడికీ ముల్లు గుచ్చుకోకూడదు."

ఆ చీటీలో ఉన్నది, మీకు మేలు చేసే ఆలోచనలే నాకున్నాయని దేవుడు చెప్పిన మాట. అది ఊరు పోగొట్టుకుని పరాయి దేశానికి బందీలుగా పోయినవాళ్ళకి రాసిన ఉత్తరంలోదట. మీరిప్పుడే తిరిగి రారు, డెబ్బై ఏళ్ళు పడుతుంది, ఈలోగా అక్కడే ఇళ్ళు కట్టుకోండి అని అంతకుముందే ఉందట. "ఇది అందుకున్నోళ్ళలో సగం మంది అక్కడే సచ్చిపోతారని ఆ దేవుడికి తెలుసు బాబూ. తెలిసి రాసేడు. ఆ ముక్క తీసీసి దీన్ని ఆటోకి అంటించుకుంతే ఏటొస్తాది?"

చీటీ వెనక మిగతాది వేయమన్నాడు. వేశాను. పాస్టర్ గారు అన్నీ వెనక్కి పంపేశారు, విశ్వాసులు కంగారు పడతారని. మళ్ళీ సగాలే వేశాం. ఆ రెండోసారి ప్రూఫు చూడటానికి కూడా ఆయనే వచ్చాడు. అన్నీ సరిచూసి, వేళ్ళు రుద్దుకుని, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

మాది చోడవరం వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. చర్చికీ నాకూ సంబంధం లేదు. చదవడం మాత్రం ఏది దొరికినా చదువుతాను. అలా మొదలైంది మా స్నేహం. ద్వారకా నగర్ వైపు వచ్చినప్పుడల్లా షాపుకొచ్చేవాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. టీ సాసర్లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా మాట్లాడి, చల్లారాక ఒక్కసారిగా తాగేవాడు.

ఆయన మాట్లాడేది ఎప్పుడూ పాత నిబంధన గురించే, అంటే బైబిల్లో యేసు రాకముందు భాగం. ఆదివారం ఆరాధనకి ముందు గంటసేపు బైబిలు క్లాసు చెప్పేవాడు. అందులోనూ అదే. కొత్త నిబంధన చెప్పరేమని అడిగాను.

"అది సెప్పడానికి అయ్యగారున్నారు కదా. నాను ముందు పుస్తకం సెప్తాను. వచ్చినోడు ఎందుకొచ్చేడో ముందు పుస్తకంలోనే ఉంది."

"ఆ పుస్తకం యూదులది కదా, బాబాయ్. వాళ్ళు అలా చదవరు."

"ఆళ్ళదే. ఎవుడు కాదన్నాడు. ముందు ఆళ్ళ గొడవ, తరవాతే మనది. ఆళ్ళింట్లో కూసుని సదువుకుంతన్నాం, కాళ్ళు కడుక్కుని ఎల్లాలి."

ఆయన ఊరు ఫ్యాక్టరీ కోసం ఇచ్చేసిన ఊళ్ళలో ఒకటి. దానికి బదులుగా అదే ఫ్యాక్టరీలో ఉద్యోగం, నిర్వాసితుల కాలనీలో చిన్న స్థలం వచ్చాయి. అందులో రెండు గదులు వేసుకున్నాడు. భార్య ఆ ఇంట్లోనే పోయింది. ఫ్యాక్టరీలో ఆయన క్రేను నడిపేవాడు. "మా పొలం మీదుగానే తిప్పేవోణ్ణి లోడుని," అన్నాడు ఒకసారి, ఏ రుచీ లేని గొంతుతో. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆయన చదివే అధ్యాయాలు చూస్తే అన్నీ ఆ చుట్టూనే తిరిగేవి. యాభయ్యో ఏట అమ్ముడుపోయిన పొలం అసలు మనిషికి తిరిగి రావాలన్న చట్టం. ఊరి చుట్టూ శత్రువులు దిగి ఉండగా, ఊరు పోతుందని తానే చెప్పిన ప్రవక్త, చిన్నాన్న కొడుకు పొలం విడిపించి, కాయితాలు మట్టికుండలో దాచమనడం. ఎండిన ఎముకలు మనుషులై లేచిన లోయ. "కొత్తోళ్ళని పుట్టించలేదు సూసేవా? ఆ ఎముకలే లేచేయి. ఆ సచ్చినోళ్ళే. బాగుచెయ్యడం అంటే అది. కొత్తది ఇవ్వడం కాదు, నీది నీకు తేవడం."

ఎక్కువగా చెప్పేది మాత్రం విడిపించే బంధువు గురించి. ఇశ్రాయేలులో ఒక మనిషి చితికిపోయి పొలం అమ్ముకున్నా, తననే అమ్ముకున్నా, దగ్గర బంధువు వచ్చి విడిపించాలి. అన్నదమ్ముడు, లేకపోతే చిన్నాన్న, లేకపోతే చిన్నాన్న కొడుకు. వరస ప్రకారం. తరవాత ప్రవక్తలు దేవుణ్ణి కూడా అదే మాటతో పిలిచారని, రాబోయే మెస్సీయా, అంటే రక్షకుడి జాడ తనకి అందులో దొరికిందని చెప్పేవాడు. "రాజునన్నాడు, కాపరినన్నాడు, అన్నీ అన్నాడు. కానీ ఇదొకటి సూడు. నాను మీ సుట్టాన్నిరా అన్నాడు. సుట్టానికైతే తప్పించుకోడానికి లేదు కదా."

"వచ్చేశాడు కదా మీ లెక్కన. మరి ఇంకా జాడలెందుకు వెతుకుతారు?"

"వచ్చేడు. వచ్చినోడి ఫొటో గోడకి పెట్టుకున్నారు మనోళ్ళు. ఆడు సేసిన పని ఎవుడూ ఎత్తుకోలేదు."

ప్రవక్త అంటే ఆయనకి క్రేను భాషలోనే అర్థమయ్యేది. పైన గదిలో కూర్చున్నవాడు కింద ఒక్క మనిషి చేసే సైగలే చూడాలట. ఎత్తమంటే ఎత్తాలి, దించమంటే దించాలి. ఇంకెవరు చెప్పినా వినకూడదు. ఆపమన్న సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాల్సిందే, ఊడ్చే మనిషి చేసినా సరే. "ప్రవక్తంటే జరగబోయేది సెప్పేవోడు కాదు బాబూ. కింద నిలబడి ఆపు, ఆపు అని సెయ్యూపేవోడు. మనోళ్ళు ఆడికి టాటా సెప్తారు."

ఇక ఆ ఇల్లు సంగతి.

ఆయన చెల్లెలి కూతురు భర్త అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ జరిగిన ప్రమాదంలో పోయాడు. ఇద్దరు పిల్లలు. వాళ్ళుండే ఇల్లు చర్చి వెనకనే. అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్నారు గానీ కాయితాలు అన్న పేరు మీద ఉన్నాయి. ఆ అన్న సంఘ పెద్దల్లో ఒకడు. తమ్ముడు పోయి ఏడాది తిరక్కుండానే ఆ ఇంటిని చర్చికి కొత్త హాలు కోసం ఇచ్చేస్తానని పాస్టర్ గారికి మాటిచ్చాడు. ఆ అమ్మాయిని పిల్లలతో పుట్టింటికి పొమ్మన్నారు. పుట్టింట్లో ఎవరూ లేరు, ఈ మేనమామ తప్ప.

ఆ జనవరిలో ఆమెకొచ్చిన చీటీలో, మీ అవమానానికి బదులు రెండంతలు ఇస్తానన్న మాట ఉంది. ఆ చీటీని నేనే ప్రూఫు చూశాను. పాస్టర్ గారు ఇంటికొచ్చి ఆ చీటీయే చూపించి చెప్పారట: దేవుడు రెండంతలు ఇస్తానని మాటిచ్చాక ఈ రెండు గదులు పట్టుకుని ఎందుకమ్మా వేలాడతావు, ఇది దేవుడికి వేసే విత్తనం అనుకో అని. బాబాయ్ ఈ సంగతి నాకు చెప్తున్నంతసేపూ ఆ వేళ్ళు రుద్దుకుంటూనే ఉన్నాడు. చర్మం ఎర్రబడింది.

"ఓసారి ఆదివారం రా బాబూ," అన్నాడు. "సూసినోళ్ళలో ఒకడు బయటోడు ఉండాలి."

వెళ్ళాను. ఆరాధన అయిపోయి జనం బయటికొస్తున్నారు. చర్చి గేటు పక్కన ఆయన పది ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. ఆ అన్న కాక సంఘ పెద్దలు ఏడుగురే. పది చెయ్యడానికి ముగ్గురు రిటైరైన ఫ్యాక్టరీ వాళ్ళని పిలిచాడు. వాళ్ళలో ఒకాయన కూర్చుంటూ, "ఏటి బావా, కుర్చీలేసేవు? మ్యూజికల్ చైర్సేటి ఈ వయసులో?" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ అన్నని పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. మేనకోడలు గేటు అవతల చున్నీ తలమీద వేసుకుని నిలబడి ఉంది.

"అల్లుడూ, నీ తమ్ముడు సచ్చిపోయేడు. ఆడి పెళ్ళాం పిల్లలు ఆ ఇంట్లో ఉన్నారు. ఆ ఇల్లు ఆడి పేర్న నిలబెడతావా? ముందు వంతు నీది. నీ తరవాతే నాను."

"మావా, ఇంటికాడ మాటాడుకుందాం. ఇక్కడేటిది?"

"ఇక్కడే మాటాడాలి. గేటుకాడ. పదిమంది ముందు."

"ఇల్లు నా పేర్న ఉంది. దేవుడి పనికి ఇచ్చేత్తానని అయ్యగారికి మాటిచ్చేను. ఎనక్కి తీసుకోమంటావేటి?"

"అయితే నిలబెట్టవు."

"కుదరదు మావా. నాకూ పిల్లలున్నారు."

"సరే," అన్నాడు ఆయన, చాలా మామూలుగా. "అందులో తప్పేటి లేదు. ఆ కతలో కూడా ముందోడు కుదరదనే అన్నాడు. అయితే నీ సెప్పు ఇప్పి నాకియ్యి."

ఆ అన్న తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"ఏటన్నావ్?"

"సెప్పు. ఎడందైనా పర్లేదు."

బైబిల్లో రూతు కథ చివర ఇదే ఉంది. పొలం విడిపించాల్సిన ముందు బంధువు ఊరి గుమ్మంలో పదిమంది పెద్దల ముందు నావల్ల కాదన్నాడు. అని, తన చెప్పు తీసి తరవాతి బంధువు చేతికిచ్చాడు. పూర్వం వాళ్ళలో హక్కు వదులుకున్నవాడు పెట్టే సంతకం అది. తీసుకున్నవాడు ఆ పొలాన్నీ, ఆ ఇంటి ఆడవాళ్ళనీ విడిపించాడు. ఆ వంశంలోనే దావీదు పుట్టాడు, ఆయన నమ్మకం ప్రకారం మెస్సీయా కూడా. గుమ్మం, పదిమంది, చెప్పు. ఈ కథ ఆయన బైబిలు క్లాసులో ఇరవయ్యేళ్ళు చెప్పాడు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది విన్నవాళ్ళే. కోడలు అత్తని వదలకుండా వెంటవచ్చిన ముక్కని వాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ చదువుతారు.

కానీ గాజువాకలో నలుగురి ముందు ఒక మనిషిని చెప్పు విప్పమంటే ఒకటే అర్థం. ఆయనకి ఆ సంగతి తట్టనేలేదు. అంతగా ఆ పుస్తకంలోనే ఉండిపోయాడు. వాళ్ళు కూడా అందులో ఉన్నారనుకున్నాడు.

"సెప్పుతో కొడతావేటి నన్ను?" అన్నాడు ఆ అన్న. "నా పెళ్ళాం పిల్లల ముందు?"

"కొట్టడానిక్కాదురా. సాక్షానికి."

"సెప్పు సాక్షమేటి? మతి పోయిందా నీకు?"

ఎవరో ఆయన భుజం పట్టుకుని లాగారు. ఒక కుర్చీ పడింది. కళ్ళద్దాలు కిందపడితే ఎవరిదో కాలు పడింది. పాస్టర్ గారు మెట్లు దిగి వచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతులు రెండూ పైకెత్తి, "సహోదరులారా, దేవుని మందిరంలో చెప్పుల మాటలా?" అన్నారు.

ఆయన బైబిలు తెరిచి ఆ పేజీ పాస్టర్ గారి ముందు పెట్టాడు. "అయ్యగారూ, తమరైనా సెప్పండి. ఇందులో ఉన్నదే కదా నాను అడిగింది."

పాస్టర్ గారు చూశారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆయనకి తెలుసు. ఒక్క క్షణం, ఇది గొడవ కాదని, ఏం జరుగుతోందో తనకి అర్థమైందని ఆ మొహంలో కనిపించింది. తరవాత బైబిలు మూసి, మెత్తగా వీపు తట్టారు.

"అది పాత నిబంధన పెద్దాయనా. మనం ధర్మశాస్త్రం కింద లేము. కృప కింద ఉన్నాం."

ఆ అమ్మాయికిచ్చిన రెండంతల మాట కూడా పాత నిబంధనలోదే. చీటీ వేసేటప్పుడు అది పాతది కాలేదు. ఈ ఒక్క వాక్యం అక్కడ అనాల్సింది నేను. బయటివాణ్ణి, చదువుకున్నవాణ్ణి, అందుకే రమ్మన్నాడు. నేను ఆయన కళ్ళద్దాల ముక్కలు ఏరుతూ వంగి ఉన్నాను. కావాలనే ఎక్కువసేపు వంగి ఉన్నాను.

మరుసటి వారం ఆయన బైబిలు క్లాసు తీసేశారు. సంఘ పెద్ద మీద చెప్పెత్తాడని అందరి ముందు చదివారు. మూడు నెలలు వెనక వరసలో కూర్చోమన్నారు. కూర్చున్నాడు. ఇంకా ఎందుకు వెళ్తారు బాబాయ్, నాకైతే రోత పుడుతుంది అన్నాను.

"నాకూ పుడతాది. అలగని మానెయ్యడమేటి? యెహెజ్కేలు ప్రవక్తకి పుట్టలేదా? ఆడిని తీసుకెళ్ళి గుడిలో జరిగే రోతంతా సూపించేడు దేవుడు, గోడకి కన్నం పెట్టి మరీ. సూడు, ఇంకా సూడు అన్నాడు. పారిపొమ్మనలేదు."

మూడు నెలలయ్యాక షాపుకొచ్చాడు. ఆ అన్నతో మాట్లాడుకున్నాడట. కాలనీలో తన ఇల్లు రోడ్డు మీద ఉంది. చర్చి వెనక ఇంటికంటే దానికే గిరాకీ. ఇల్లుకి ఇల్లు. తన రెండు గదులూ అతని పేరు మీద, ఆ ఇల్లు మేనకోడలి పేరు మీద. అతను రెండోసారి ఆలోచించకుండా ఒప్పుకున్నాడు. దేవుడి పనికిచ్చిన మాట ఏమైందని ఎవరూ అడగలేదు. పాస్టర్ గారు కూడా. కొత్త హాలు రోడ్డు వైపే బాగుంటుందని అప్పటికే అనుకుంటున్నారట.

"సాక్షి సంతకం ఎట్టాలి నువ్వు," అన్నాడు.

"మీరెక్కడుంటారు?"

"అద్దికి గది సూసుకున్నాను. మేడ మీద. గాలొస్తాది."

"బాబాయ్, ఆ అమ్మాయిని మీ ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా. ఇద్దరికీ ఒకే ఇల్లు సరిపోయేది. ఈ ముసలితనంలో ఉన్నది వదులుకోవడం ఎందుకు?"

టీ సాసర్ కింద పెట్టాడు. అప్పటికింకా చల్లారలేదు.

"నా ఇంట్లో ఉంచుకుంతే అది దయ. ఆ గుంట రోజూ నా మొకం సూసి బతకాలి. నాను పోయేక పిల్లలతో మళ్ళీ రోడ్డుమీదే. అయి ఆ పిల్లల అమ్మా నాన్నా కట్టుకున్న గోడలు. ఆ గోడలు దానికి రావాలి. నాది పోకుండా దానిది వస్తే అది బేరం బాబూ, విడిపించడం కాదు. ఆ కతలో ముందోడు ఎందుకు కుదరదన్నాడో తెలుసా? తనది పాడవుతాదని. ఆడు సరిగ్గానే సెప్పేడు. పాడవుతాది."

రిజిస్ట్రారు ఆఫీసులో ఆ అన్న తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఫొటో తీసేటప్పుడు జుట్టు దువ్వుకున్నాడు. నేను సంతకం పెట్టాను. బయటికొచ్చాక ఆయన నడక తేలికైంది. సంతోషం అననుగానీ, దించాల్సిన లోడు దించినవాడి నడక. ఆ అన్న కాలనీ ఇంటిని నెల తిరక్కుండా మొబైల్ షాపుకి అద్దెకిచ్చాడు.

తరవాత నాలుగేళ్ళు ఆయన ఆ మేడ మీద గదిలో ఉన్నాడు. ఎండాకాలం ఆ గదిలో పది నిమిషాలు కూర్చోలేకపోయేవాణ్ణి. గాలి రాదు. ఆయనకి ఒక మంచం, బైబిలు, రెండు గిన్నెలు. మేనకోడలు రోజూ కూర పంపేది. ఊపిరితిత్తులు పాడైనట్టు డాక్టర్లు చెప్పారు. నేను వెళ్ళడం తగ్గించాను. పని ఎక్కువగా ఉందని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే ఆయన్ని చూస్తే ఆ గేటు దగ్గర నేను వంగి ఉండటం గుర్తొచ్చేది.

ఆ ఫ్లెక్సు వేసిన వారం తరవాత జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళాను. పాస్టర్ గారు చాలాసేపు మాట్లాడారు. మన సహోదరుడు ఒకసారి తొందరపాటులో పడిపోయాడని, సంఘం ఆయన్ని ప్రేమతో సరిదిద్ది తిరిగి నిలబెట్టిందని, పునరుద్ధరించే దేవుడికి ఇదే రుజువని చెప్పారు. ఆ అన్న ముందు వరసలో తల ఊపుతున్నాడు. ఒక పాట పాడించాడు కూడా. గొంతు బాగుంటుంది అతనిది.

తరవాత సాక్ష్యాలు చెప్పమన్నారు. ఇద్దరు ముగ్గురు లేచి, ఆయన తమకి ప్రార్థన నేర్పాడని, ఎవరినీ నొప్పించలేదని చెప్పారు. చివర పాస్టర్ గారు మేనకోడల్ని పిలిచారు. ఆమె మైకు చేతిలోకి తీసుకోలేదు. స్టాండు దగ్గరికి వచ్చి వంగి మాట్లాడింది.

"అందరికీ వందనాలు. మా మావయ్య గురించి సెప్పమన్నారు. మా ఆయన పోయేక మా బావగారు మా ఇల్లు చర్చికి ఇచ్చేత్తానన్నారు. అయ్యగారు తీసుకుంతానన్నారు. మా మావయ్య ఆయన ఇల్లు మా బావగారికి ఇచ్చీసి మా ఇల్లు మాకు తెచ్చేడు. ఆయన అద్దింట్లో ఉన్నాడు. అద్దింట్లోనే పోయేడు. మావయ్య ఇల్లు ఇప్పుడు మా బావగారికాడే ఉంది. అంతేనండి."

ఆమె స్టాండు దగ్గర్నుంచి పక్కకి జరిగింది. ఇప్పుడు ఎవరో ఒకరు లేస్తారు, ఆ అన్న అయినా అరుస్తాడు అనుకున్నాను.

"దేవునికి స్తోత్రం," అన్నారు పాస్టర్ గారు.

"స్తోత్రం," అంది సంఘమంతా. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ కొట్టారు. ఆ అన్న కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఎత్తాడు.

బయట షామియానా కింద భోజనాలు పెట్టారు. ఆమె పిల్లల్ని వెతుక్కుంటూ నా ముందునుంచే వెళ్తోంది. వరసలో నిలబడ్డ ఒకావిడ, "అదేటే, తినకుండా ఎల్తన్నావు?" అంది.

"నీళ్ళొచ్చే టయిం పిన్నీ. మోటారు నానే ఎయ్యాలి మా ఇంట్లో."

వెళ్ళిపోయింది. చర్చి గోడ దాటగానే కుడివైపు మూడో తలుపు. తాళం తీసి లోపలికి వెళ్ళడం కనిపించింది. కాసేపటికి మోటారు మోత వినిపించింది. ఆ మాటలు విని వాళ్ళు మారతారని ఆమె ఏమీ ఆశపడలేదని అప్పుడు అర్థమైంది. వాళ్ళ దగ్గర ఆమెకి కావాల్సింది ఏదీ లేదు.

నాకు అలా లేదు. చెప్పాల్సిన మాట నాలుగేళ్ళుగా నోట్లో ఉంది. ఆ అన్నే నా దగ్గరికొచ్చాడు, చేతిలో ప్లేటుతో.

"తమరు సాక్షి సంతకం ఎట్టేరు కదండీ? గుర్తుపట్టేను. తీసుకోండి, వేడిగా ఉంది. పిల్ల బాగా మాటాడింది కదా? మొదట్లో నోరే లేదు దానికి. దేవుడు ఎలగ వాడుకుంతన్నాడో సూడండి."

"అవునండీ," అన్నాను.

ప్లేటు అందుకున్నాను. కుర్చీలు ఖాళీ లేకపోతే గోడ పక్కన నిలబడి తిన్నాను. అతను మళ్ళీ తిరిగి వచ్చి రెండోసారి కూర వేస్తుంటే వద్దనలేదు.